ఏడో ప్రశ్న

హాలు మధ్యలో రెండు బల్లలు కలిపి వేసి, మీద దుప్పటి పరిచి, నాలుగు తుపాకులు వరసగా పెట్టాడు డంకన్. విందుకి మాంసం పరిచినంత శ్రద్ధగా పెడుతున్నాడనిపించి మియాలీకి నవ్వొచ్చింది. ఈ నెలంతా ఆమెకి ప్రతిదానికీ నవ్వొస్తూనే ఉంది. పెళ్ళయి ఇరవై ఆరు రోజులు. కెటిల్ కూత వేసినా, గుమ్మంలో తన చేతితొడుగుల మీద భర్త తొడుగులు పడి ఆరుతూ కనపడినా, కిటికీ రెక్క మీద ఈ ఏటి మొదటి మంచుపిచ్చుక వాలినా లోపలెక్కడో గిలిగింత పెట్టినట్టుండేది.

"ఇవాళ ఎంపిక," అన్నాడు డంకన్. "ఎవరికి వాళ్ళు ఒకటి తీసుకుని, ఎందుకు తీసుకున్నారో చెప్పాలి. అడుగు మియాలీ."

ఆమె తన భాషలోకి తిప్పి చెప్పింది. ఎదురుగా మడత కుర్చీల్లో అయిదుగురు కూర్చున్నారు. ఊరికి తొంభై కిలోమీటర్ల అవతల, నది సముద్రంలో కలిసే చోట, గని కంపెనీవాళ్ళు రోడ్డుకి కొలతలు తీస్తున్నారు. పదకొండు మంది అక్కడ గుడారాల్లో ఉంటారు. తెల్ల ఎలుగుబంట్లు వసంతంలో ఆ ఒడ్డు వెంబడే నడుస్తాయి. కాపలాకి ఊరివాళ్ళలో ఒకరిని పెట్టుకుంటామన్నారు. మూడు రోజుల శిక్షణ, పరీక్ష, నెగ్గినవాళ్ళకి కార్డు. శిక్షణ ఇచ్చేది ఆ గుడారాల భద్రత చూసుకునే డంకన్, అతని మాట వీళ్ళకీ వీళ్ళ మాట అతనికీ చేరవేసేది మియాలీ.

కూనూ ముందు లేచాడు. అన్నిటికన్నా బరువైన రైఫిల్ ఎత్తి భుజానికి ఆనించాడు.

"ఇదే నాది. దీంతో కొడితే ఆయనే కాదు, ఆయన వెనకాల కొండ చాటున దాక్కున్న మా అత్త కూడా పడిపోద్ది."

కుర్చీలన్నీ నవ్వాయి. ఎలుగుబంటిని ఊళ్ళో పేరు పెట్టి అనరు, 'ఆయన' అంటారు. అత్త సంగతి వదిలేసి మిగతాది ఇంగ్లీషులో చెప్పింది మియాలీ.

చివర లేచినవాడు కిల్లాక్, ఆమె మామగారు. అరవై నాలుగేళ్ళు. బల్ల దగ్గరికి వెళ్ళి తొందరపడకుండా ఒక్కో తుపాకీనీ ముట్టుకున్నాడు. బోల్టు వెనక్కి లాగి, వేలితో లోపల రాసి, ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇవి రాత్రి ఎక్కడ పడుకున్నాయో అడగమ్మా."

"ఇక్కడే, హాల్లో. తాళం వేసి," అన్నాడు డంకన్.

"వెచ్చగా పడుకున్నాయి. ఇప్పుడు చలిలోకి తీసుకెళ్తే చెమటపట్టి ఆ చెమట గడ్డకడుతుంది. ఈ నూనె కూడా ఎక్కువైంది, బయట జిగురైపోతుంది. తుడిచేసి, పొడిగా, వసారాలో పెట్టమను."

డంకన్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. మియాలీకి గర్వంగా అనిపించింది.

కిల్లాక్ దుర్భిణీ ఉన్న రైఫిల్ని పక్కకి జరిపాడు. "దూరంలో ఉన్నదాన్ని కొట్టడానికి ఇది. దూరంలో ఉన్న ఆయనతో మనకేం పని?" కూనూ మోజుపడ్డ పెద్ద రైఫిల్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "దీని గుండు గుడారంలోంచి దూరి, పక్క గుడారంలోంచి దూరి, ఇంకా పోతుంది. అక్కడ మనుషులు పడుకుంటారు." చివరికి పొట్టి గొట్టం ఉన్న పంపు తుపాకీ తీసుకున్నాడు. ముందు పిడిని వెనక్కీ ముందుకీ లాగితే తూటా మారే రకం అది. తొడుగులు తీయకుండానే మూడుసార్లు లాగి చూశాడు.

"ఇది. ఇందులో చప్పుడు తూటా పడుతుంది, రబ్బరుది పడుతుంది, సీసపు గుండూ పడుతుంది. ముందు అరవగలిగే తుపాకీ ఇదొక్కటే."

డంకన్ మొహం విచ్చుకుంది. "ఇరవై ఏళ్ళుగా నేను చెప్పే పాఠం ఇదే. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు. అలాగే చెప్పు ఆయనకి."

చెప్పింది. కిల్లాక్ తుపాకీని బల్ల మీద పెట్టి, కూర్చుని, తన బూట్లకేసి చూసుకున్నాడు.

మధ్యాహ్నం నోటి ప్రశ్నలు. పది. జవాబు చెబితే మియాలీ ఇంగ్లీషులో చెప్పాలి, డంకన్ కాగితం మీద రాయాలి, కింద ఇద్దరూ సంతకం చెయ్యాలి. ఆరు ప్రశ్నలు సులువుగా గడిచాయి. ఏడోది డంకన్ నెమ్మదిగా చదివాడు: ఎలుగుబంటి ముప్ఫై మీటర్ల నుంచి మీ మీదికి పరుగెత్తి వస్తోంది. ఏం చేస్తారు? ఎక్కడ కాలుస్తారు?

"భుజం మీద. పడేదాకా," అన్నాడు కూనూ. చెప్పి, మియాలీ వైపు వంగి గొంతు తగ్గించాడు. "కాగితం మీద ఇంగ్లీషే కదా. ఆయనకి ఇంగ్లీషు రాదులే."

ఆమె పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

కిల్లాక్ వంతు వచ్చింది.  హాల్లో నూనె పొయ్యి గుర్రుమంటోంది.

"ఆయన్ని గురించి అలా చెప్పకూడదమ్మా," అన్నాడు చివరికి. "వింటాడు. ఇలా చేస్తా, అలా చేస్తా అంటే, ఎలా చేస్తావో చూద్దామని వస్తాడు. వచ్చిన రోజు చూసుకోవాలి అంతే."

మియాలీ ఉన్నదున్నట్టు చెప్పింది. డంకన్ కలం ఆగింది.

"చూసుకోవడం అంటే? కాలుస్తాడా, కాల్చడా?"

"ఆయనకి ఏం కావాలో ముందు చూడాలి," అన్నాడు కిల్లాక్. "కొందరు ఊరికే చూసిపోవడానికి వస్తారు. నేనేం గొప్ప వేటగాణ్ణి కాదని చెప్పు."

ముప్ఫై ఏళ్ళుగా ఆయన తెచ్చిన మాంసం తినని ఇల్లు ఊళ్ళో లేదు. గొప్ప వేటగాడే తన గురించి అలా చెప్పుకుంటాడని ఆ గదిలో డంకన్‌కి తప్ప అందరికీ తెలుసు. మియాలీ వివరించబోయింది. డంకన్ చెయ్యి ఎత్తాడు.

"చూడు మియాలీ, ఆయన మంచివాడు, నాకు తెలుస్తోంది. కానీ పదకొండు మంది గుడ్డ గోడల మధ్య పడుకుంటారు. కాపలావాడు ఒక్క క్షణం తటపటాయిస్తే ఏమవుతుందో నేను చూశాను. నా కళ్ళతో చూశాను. ఆయన నోటితో ఆయన చెప్పాలి." ఏడో గడి ఖాళీగా వదిలి, కాగితం మూసేశాడు. "రేపు గురి పరీక్ష అయ్యాక ఇంకోసారి అడుగుతాను. ఒక్క ప్రశ్న తప్పినా కార్డు రాదని చెప్పు."

*

"నానమ్మా, టీ పొయ్యవే," అన్నాడు ఆమె భర్త తైమూసీ, గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటూ.

పెళ్ళయినప్పటి నుంచి ఇంట్లో ఇదే హాస్యం. కిల్లాక్ తల్లి పేరు మియాలీ. ఆవిడ చనిపోయిన వసంతంలోనే పుట్టిన ఈమెకి ఆ పేరు పెట్టారు. పేరు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. అందుకని నడక రాని వయసు నుంచీ ఈమెని కిల్లాక్ 'అమ్మా' అనే పిలిచాడు, ఈమె ఆయన్ని 'కొడుకా' అంది. ఇప్పుడు ఆయన కొడుకునే చేసుకుంది.

"మనవడివైతే మనవడిలా ఉండు. చెయ్యి తియ్యి," అంది మియాలీ. నడుం మీద చెయ్యి ఉన్నచోటే ఉంది. కప్పులోకి టీ వంకరగా పడింది. ఇద్దరూ నవ్వారు.

కిల్లాక్ నేల మీద అట్టముక్క పరుచుకుని గడ్డకట్టిన చేపని పల్చగా చెక్కుతున్నాడు. నవ్వలేదు. చేప ముక్క ఒకటి కత్తి కొనతో ఆమెకి అందించాడు.

"తినమ్మా."

"రేపు చెప్పెయ్ కొడుకా," అంది ఆమె ఆయన పక్కన కూర్చుంటూ. "ఒక్క వాక్యం. కూనూ చెప్పలేదా?"

"కూనూ అక్కడ ఉండనక్కర్లేదు. ఉండాల్సింది నేను."

అది ఆమెకి తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. నది మొగ దగ్గర గులకగట్టు మీద పద్నాలుగు సమాధులున్నాయి. ఆ నేలలో గొయ్యి తవ్వలేరు, మనిషి మీద రాళ్ళు పేరుస్తారు. చూడనివాడికి అవి ఉత్త రాళ్ళు. చివరిది కిల్లాక్ తల్లిది, ఊళ్ళో శ్మశానం వద్దు, పుట్టినచోటే పెట్టమని అడిగిందావిడ. ఊరి సమావేశంలో కిల్లాక్ కంపెనీవాళ్ళ పటం మీద వేలు పెట్టి చూపించాడు. గుర్తుపెట్టుకుంటామన్నారు. పోయిన వసంతంలో గొలుసుచక్రాల బండి రెండు సమాధుల మీంచి వెళ్ళింది. పొరపాటన్నారు.

"పటం మీద వేలు అక్కడే ఉండిపోదు కదా," అన్నాడు కిల్లాక్. "మనిషి నిలబడాలి. బండి ఎదురుగా నిలబడి ఇటు కాదు, అటు అని చూపించేవాడు కావాలి. కాపలావాడైతే నిలబడనిస్తారు. ఊరికే వెళ్ళి నిలబడితే పొమ్మంటారు."

"మరి రేపేం చెప్తావు?" అన్నాడు తైమూసీ.

ఆయన కత్తి తుడుచుకున్నాడు. "ఎలా చెప్పను రా? చెప్పి, ఆయన దారిలోనే వెళ్ళి కూర్చోనా?"

*

మర్నాడు ఎండ తీక్షణంగా ఉంది. ఊరి చివర గడ్డకట్టిన చెరువు మీద ప్లైవుడ్ ముక్క బిగించిన స్లెడ్జిని తాడు కట్టి మంచుబండితో లాగారు. అది ఎగిరెగిరి పడుతూ మీదికి వస్తుంటే కాల్చాలి. కూనూ అయిదింట మూడు తగిలించి గట్టెక్కాడు, తప్పినవాటికి ఎండ కంట్లో పడిందన్నాడు. "ఎండ నీ కంట్లోనేనా పడేది?" అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ గొల్లుమన్నారు.

కిల్లాక్ మోకాలి మీద కూర్చోలేదు. నిలబడే అయిదూ కాల్చాడు. ముందు పిడి లాగిన చప్పుడూ తుపాకీ చప్పుడూ ఒకే మాటలా వినపడ్డాయి. డంకన్ వెళ్ళి ప్లైవుడ్ చూసి, తన అరచెయ్యి పరిచి పెట్టాడు. అయిదు చిల్లులూ ఆ చేతి కింద దాగాయి.

"దేవుడా," అన్నాడు. అది అనువదించనక్కర్లేకపోయింది.

అక్కడే మంచుబండి సీటు మీద కాగితం పరిచాడు. గాలికి అంచులు కొట్టుకుంటుంటే ఒకవైపు తన తొడుగు, ఒకవైపు తూటాల పెట్టె పెట్టాడు. "ఏడోది. అడుగు మియాలీ. ఈయన్ని వదులుకోవడం నాకూ ఇష్టం లేదు."

ఆమె అడిగింది. కిల్లాక్ సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. కనురెప్పల మీద మంచు రవ్వలు. ఆయన మొహంలో బతిమాలుకోలు లేదు, కోపమూ లేదు.

"నేను చిన్నవాణ్ణి," అన్నాడు మెల్లగా. "వస్తే వస్తాడు. పోతే పోతాడు. నా దగ్గర అంతకన్నా మాట లేదని చెప్పమ్మా."

మియాలీ నోరు తెరిచింది. ఎండ, మంచు మీద మెరుపు, చెరువంతా తెల్లగా నవ్వుతున్నట్టుంది. గులకగట్టు మీద బండి ఎదురుగా చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డ మామగారు ఆమె కళ్ళకి కట్టినట్టు కనపడ్డాడు. ఒక్క వాక్యం. పిల్లవాడు మొహమాటపడి నోరు విప్పకపోతే తల్లి అందుకుని చెప్పదా?

"ముప్ఫై మీటర్ల దగ్గర భుజం మీద సీసపు గుండు వేస్తాను," అంది ఇంగ్లీషులో. "పడేదాకా ఆపను. దాన్ని చంపుతాను. అంటున్నారు."

"అదీ!" డంకన్ గబగబా రాశాడు. సంతకం పెట్టి కలం ఆమెకిచ్చాడు. వేళ్ళు కొంకర్లు పోతున్నా మియాలీ తన పేరు గుండ్రంగా, అందంగా రాసింది. కిల్లాక్ కార్డు తీసుకుని, చూడకుండా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వస్తూ దారిలో ఆమె రెండుసార్లు మంచు మీద జారుడాట ఆడింది.

సాయంత్రం ఎండ ఇంకా కిటికీలో ఉండగానే తైమూసీకి అంతా చెప్పేసింది, గుసగుసగా, అతని చెవి పట్టుకుని. అతను నవ్వుతాడనుకుంది.

"నాన్న పేరు మీద చెప్పావా ఆ మాట?"

"ఇంగ్లీషులోనేగా. నానూక్‌కి ఇంగ్లీషొచ్చా ఏంటి?" ఎలుగుబంటిని పేరు పెట్టి మరీ, కూనూ మాట కూనూ గొంతుతో అంది.

తైమూసీ ఆమె చేతిని తన చెవి మీంచి తీసి పట్టుకున్నాడు.  అప్పుడు చూసింది, తలుపు దగ్గర కిల్లాక్ నిలబడి ఉన్నాడు, ఖాళీ కప్పుతో.

"'కిల్' అన్నావు," అన్నాడాయన. ఆ ముక్క ఇంగ్లీషులోనే అన్నాడు. "నాకు ఇంగ్లీషు మాటలు ఎన్నో రావు. అది వచ్చు. పోలీసులొచ్చి మా బండి కుక్కల్ని కాల్చిన రోజు విన్నాను, తొమ్మిదేళ్ళవాణ్ణి. ఆ రోజంతా అదే మాట అనుకున్నారు వాళ్ళు."

మియాలీ మొహం కాలినట్టయింది. "డంకన్‌కి చెప్పేస్తాను. ఇప్పుడే. నువ్వు అనలేదని, నేనే అన్నానని."

"చెప్తే నీ ఉద్యోగం పోతుంది. కూనూ వెళ్తాడు, గుడారంలో నిద్రపోతాడు. బండి ఎటు పోయేది అటు పోతుంది." ఆయన కప్పుని జాగ్రత్తగా తొట్టిలో పెట్టాడు. "అన్నది అన్నట్టే. గాల్లోకి పోయింది, వెనక్కి పట్టుకురాలేం. నేను వెళ్తాను."

"కోప్పడు కొడుకా. నాలుగు తిట్టు."

"అమ్మని ఎవరైనా తిడతారా?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. అదే ఆమెకి భరించరానిదయింది.

*

సోమవారం పొద్దున్న వెళ్ళాడు. ముందు మంచుబండి మీద డంకన్, వెనక తన బండి మీద కిల్లాక్, స్లెడ్జి మీద గుడారం, స్టవ్వు, రొట్టెల సంచి. కంపెనీ ఇచ్చిన పంపు తుపాకీకి ఆయన స్వయంగా నూనె తుడిచి, గుడ్డ ఒరలో పెట్టి వీపుకి తగిలించుకున్నాడు. రొట్టెలు మియాలీ కాల్చింది, కిస్మిస్ ఎక్కువ వేసి. ఆయన ముక్కు ఆమె చెంపకి ఆనించి, పిల్లల్ని వాసన చూసినట్టు చూసి, బండి ఎక్కాడు.

మర్నాడు సాయంత్రం వసారా తుడుస్తుంటే, మూలనున్న మామగారి పాత బూట్ల వెనక చీపురుకి ఏదో బరువుగా తగిలింది. పసుపచ్చ అట్టపెట్టె. కంపెనీది. పాతిక సీసపు గుండ్లు. పైన అంటించిన కాగితం చింపనే లేదు. దాని కింద ఇంకో పెట్టె. అదీ అంతే.

చప్పుడు తూటాల పెట్టెలు లేవు. రబ్బరువీ లేవు. అవి తీసుకెళ్ళాడు.

ఆమె వసారా నేల మీద కూర్చుండిపోయింది. తైమూసీ వచ్చి, చూసి, తలుపు మూసి పక్కనే కూర్చున్నాడు.

"తెలిసే వదిలేశాడు," అంది.

"ఊఁ."

"ఆయన వస్తే?"

"నాన్న చంపనని చెప్పుకుంటున్నాడు, మియాలీ. నువ్వు చంపుతానన్నావు, దానికి జవాబు." అతను పెట్టెని బూట్ల వెనక్కి నెట్టాడు. "ఎవరికీ చెప్పకు. అది నాన్నకీ ఆయనకీ మధ్య సంగతి."

"అక్కడ పదకొండు మందున్నారు."

 పెళ్ళయ్యాక మొదటిసారి వాళ్ళిద్దరూ కెటిల్ కూస్తుంటే వింటూ, లేవకుండా కూర్చున్నారు.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి మియాలీ తను పనిచేసే ఊరి ఆఫీసులో రేడియో సెట్ ముందు కూర్చుంది. రోజూ ఆ వేళకి క్యాంపు నుంచి పిలుపు వస్తుంది. వాతావరణం, మనుషుల లెక్క, కాపలావాడు చెప్పేదేమైనా ఉంటే అది. డంకన్ గొంతు హుషారుగా ఉంది.

"మీ మామగారు బంగారం. నిన్న బండికి అడ్డంగా నిలబడి గట్టు చుట్టూ తిప్పించాడు. రెండు గంటలు దండగ, పోనీలే, డ్రైవరు తిట్టుకున్నాడు. ఏమిటా గట్టు?"

"ఆయన్నే చెప్పనివ్వండి," అంది.

కిల్లాక్ గొంతు వచ్చింది, సముద్రం అవతల నుంచి వచ్చినట్టు సన్నగా. "రొట్టెలు బావున్నాయమ్మా. కిస్మిస్ ఏరుకుని తింటున్నాను. నువ్వు ఇక్కడ గట్టు మీద చల్లగా ఉన్నావు. నీ మీది రాళ్ళు నాలుగు జారాయి, పెట్టేశాను."

ఆమె గుండె నిండింది. అడగాలనుకున్నది అడగలేదు. చెప్పాలనుకున్నది చెప్పలేదు. ఆ రోజంతా ప్రతి గంటకీ కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. ఒక్క రోజు గడిచింది. రోజుకొకటి చొప్పున గడిచిపోతాయేమో, జూన్ వస్తుందేమో, మంచు విరిగి అందరూ తిరిగొచ్చేస్తారేమో.

గురువారం ఎనిమిదన్నా కాకముందే సెట్ గరగరలాడింది.

"మియాలీ, ఉన్నావా?" డంకన్ గొంతు పొడిగా ఉంది. "మంచు మీద ఎలుగుబంటి. మగది, పెద్దది. నాలుగొందల మీటర్లు. ఇటే వస్తోంది. అందరూ వంట గుడారంలో ఉన్నారు. మీ మామగారు బయట నిలబడ్డారు. రెండు చప్పుడు తూటాలు కాల్చారు, అది ఆగి చూసి మళ్ళీ కదిలింది. సీసం ఎక్కించమని సైగ చేస్తున్నాను, తల ఊపుతున్నాడు. అవునంటున్నాడో కాదంటున్నాడో తెలియట్లేదు. చేతి సెట్ ఆయన దగ్గర ఉంది. అడుగు."

ఆమె బటన్ నొక్కింది. "కొడుకా?"

"ఇక్కడే ఉన్నానమ్మా."

"లోపల ఏం వేశావని అడుగుతున్నారు."

గాలి చప్పుడు. మంచు మీద బూటు కదిలిన కిర్రు. "పెద్దాయన," అన్నాడు కిల్లాక్. గొంతులో భయం లేదు, బంధువు వస్తుంటే గుమ్మంలో నిలబడ్డవాడి గొంతు. "ముసలాయన. ఎడమ కాలు కుంటుతున్నాడు. ఇంకా ఏమీ అనుకోలేదు. నేనూ ఏమీ అనుకోలేదు. సీసం వేశాడని చెప్పు వాళ్ళకి. నా తరఫున నువ్వే చెప్పు."

బటన్ మీద ఆమె వేలు తెల్లబడింది. ఇంగ్లీషులో రెండు వాక్యాలు సిద్ధంగా ఉన్నాయి. రెండూ చిన్నవే. ఒకటి చెబితే గులకగట్టు మీద ఆయన ఉంటాడు. రెండోది చెబితే వంట గుడారంలో పదకొండు మంది ఉంటారు.

"మియాలీ! సీసం ఉందా లేదా?"

"లేదు," అంది. "ఆయన దగ్గర ఒక్క గుండు కూడా లేదు. రెండు పెట్టెలూ మా వసారాలో ఉన్నాయి. మీ రైఫిల్ తీసుకోండి."

"ఏమన్నావు?"

మళ్ళీ చెప్పింది. మొత్తం చెప్పింది. ఏడో ప్రశ్నకి ఆయన అన్నదేమిటో, తను అన్నదేమిటో, సంతకం పెట్టిందెవరో. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. అటు ఒక గొలుసు జారిన చప్పుడు, ఎవరో అరుపు, రైఫిల్ బోల్టు మూసుకున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు. గోడ గడియారం కింద ఆమె కూర్చుని ఉంది. వీధిలో ఎవరో మంచుబండిని స్టార్ట్ చేయడానికి తాడు లాగుతున్నారు, అది అందుకోవట్లేదు.

కాల్పు వినపడలేదు.

"వెళ్ళిపోయాడు." కిల్లాక్ గొంతు. "మమ్మల్ని చూశాడు, తల అటు తిప్పాడు, సీళ్ళు ఊపిరికి తేలే మంచు బొరియ వైపు పోయాడు. చూసిపోవడానికే వచ్చాడు." కాసేపటికి, "చెప్పేశావు కదమ్మా," అన్నాడు. అడగలేదు. "డంకన్ మొహం చూస్తే తెలిసింది. సామాను సర్దుకుంటాను."

ఆ తర్వాత ఆయన సెట్ కట్టేశాడు.

పది నిమిషాలకి సెట్‌లోకి డంకన్ వచ్చాడు. అరవలేదు. అలసిపోయినట్టున్నాడు. "మీ మామగారిని మధ్యాహ్నం బండి మీద పంపిస్తున్నాను. కార్డు రద్దు. నీ సంగతి మీ ఆఫీసువాళ్ళతో మాట్లాడాలి, తప్పదు. ఎలుగుబంటి తనంతట తనే పోయింది, నిజమే. కానీ పోకపోతే?"

"అవును," అంది మియాలీ.

"దక్షిణం నుంచి ఒకణ్ణి పిలిపిస్తున్నాను. శనివారం విమానానికి వస్తాడు. బండి ఈలోపు ఆగనక్కర్లేదు, మళ్ళీ తిన్నగా వెళ్ళమన్నాను, చుట్టూ తిరగడం అయిపోయింది." ఆగాడు. "ఇంకో విషయం. ఆయన సామాను సర్దుకోవట్లేదు. గట్టు మీద కూర్చుని రాళ్ళు ఏరి ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. చలికి చేతులు కొంకర్లు పోతున్నా తొడుగులు తీసేసి మరీ. పిలిస్తే పలకట్లేదు. ఇంతకీ ఏమిటి మియాలీ అవి, ఆ రాళ్ళు?"

ఆమె బటన్ నొక్కింది.

"నా సమాధి," అంది.

సెట్‌లో గాలి గరగరలాడింది.

"సరిగ్గా వినపడలేదు," అన్నాడు డంకన్. "మళ్ళీ చెప్పు."